చెయ్యి తీస్తే నిలిచే బోటు

పొద్దు గూకే వేళకు సంతోషమ్మ ఇంట్లోంచి ఆముదం వాసన రావడం ఆగిపోయి నెలలు దాటాయి. ఆ వాసనను బట్టే పక్కింటి జైబున్నీసా, దాసయ్య బోటు దిగి జమ్మలమడుగు చేరాడని తెలుసుకునేది. చిన్న ఇత్తడి గిన్నెలో ఆముదం వెచ్చబెట్టి, వేలితో చూసుకుని, భర్త కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా రుద్దుతూ నీవేది సంతోషమ్మ. నీవుతున్నంతసేపూ బోటును తిట్టేది.

"ఆ లివరు పాడుగాను! మనిషి చేతిని తినేస్తాండాది."

"తిననీలేమ్మే. దానికి మాత్రం ఆకలి గాదా?" అనేవాడు దాసయ్య, కళ్ళు మూసుకునే.

ఇప్పుడు ఆ వేళకు ఆమె కుట్టుమిషను తొక్కుతుంది. కుట్టాల్సింది లేకపోతే పాత జాకెట్టు కుట్లు విప్పి మళ్ళీ వేస్తుంది. చేతులు ఊరికే ఉంటే ఒళ్ళో ఆ చెయ్యి బరువు తెలుస్తుంది. లేని చేతికి బరువేమిటని ఎవరన్నా అడిగితే ఆమె చెప్పలేదు.

దాసయ్య పుట్టిన ఊరు ఇప్పుడు పెన్నా నీళ్ళ కింద ఉంది. జలాశయం నిండినప్పుడు ఊరంతా మూటలు కట్టుకుని పైకి వచ్చింది. తాతల నాటి చర్చి గంటను నలుగురు మోసుకొచ్చారు. ఆ నలుగురిలో దాసయ్య ఒకడు. అప్పటికి అతను ట్రాక్టర్లు బాగుచేసేవాడు. విరిగిన సామానుకు లేతు పని పడితే ప్రొద్దుటూరు వెళ్ళి లేతు షాపు ఉమైర్ దగ్గర కూర్చునేవాడు. ఇద్దరూ ఇనుము గురించి మాట్లాడుకుంటుంటే పక్కన టీ చల్లారిపోయేది.

గండికోట చూడవచ్చే జనాన్ని నీళ్ళమీద తిప్పడానికి ఒకాయన కోస్తా నుంచి పాత బోటు కొనుక్కొచ్చాడు. కదలదే! ఇంజను తిరుగుతుంది, అడుగున పంకా తిరుగుతుంది, బోటు మాత్రం బురదలో పడిన బర్రెలా ఉన్నచోటే ఉంటుంది. దాసయ్య ఆ పంకా విప్పి సంచిలో వేసుకుని బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

"సంతోషా, ఈడ చూడు. ఇది ఉత్త ఫ్యాను గాదు. రెక్కలు మొగం తిప్పుకుంటాయి."

పంకా మధ్యలో కుండలాంటి గుబ్బ ఉంది. మూడు రెక్కలూ ఆ గుబ్బలో కుదుళ్ళతో నిలబడి ఉన్నాయి. లోపల ఒక కడ్డీని ముందుకు తోస్తే మూడూ ఒక్కసారే అటు వాలుతాయి, వెనక్కి లాగితే ఇటు వాలుతాయి. తుప్పుపట్టి అవి బిగుసుకుపోవడమే బోటుకు వచ్చిన రోగం.

సంతోషమ్మకు అర్థం కాలేదు. ఆమెను నీళ్ళతొట్టి దగ్గరికి తీసుకుపోయి, చెయ్యి ముంచమన్నాడు. "అరచెయ్యి ఇట్ల ఏటవాలుగా పెట్టి తోయి. నీళ్ళు యాడికి పోతాండాయి?"

"అటు."

"ఇప్పుడు అరచెయ్యి మాత్రం అటు తిప్పి, అట్లనే తోయి."

నీళ్ళు ఇటు వచ్చి ఆమె చీర కుచ్చెళ్ళు తడిపాయి. దాసయ్య నవ్వాడు. "అంతే. ఇంజను ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతాది. రెక్కలు ఒక మొగం పెడితే బోటు ముందుకు, ఇంకో మొగం పెడితే వెనక్కి. యా మొగమూ పెట్టకుండా పళ్ళెం మాదిరి చదునుగా ఉంటే నీళ్ళు కలబెట్టుకుంటా ఆడనే నిలబడతాది. బోటుకు బ్రేకు లేదు కదా, వెనక్కి పోవడమే దానికి బ్రేకు."

ఆ నీళ్ళలో వెనక్కి పోవడం తెలియని బోటు బతకలేదు. మునిగిన తుమ్మచెట్ల తలలు, కరెంటు స్తంభాల కొసలు ఎక్కడ తగులుతాయో తెలియదు. ముందు కోటకొండ గోడలా నిలబడి ఉంటుంది. మలుపు తప్పితే రాయే.

పాత గుబ్బ పనికిరాక, దాసయ్యా ఉమైరూ కలిసి కొత్తది చేశారు. మొదటిది ఒక రెక్క సరిగా వాలక చెడింది. ఆ ఏడు చర్చిలో కోతల పండుగకు అందరూ గుమ్మడికాయలూ కంకులూ తెస్తే, దాసయ్య చెడిన ఆ ఇత్తడి గుబ్బను రెక్కలతో సహా తెచ్చి బల్లమీద పెట్టాడు. తొలిఫలం దేవునిది కదా అన్నాడు. పాస్టరుగారు ఎత్తబోయి, బరువుకు వంగిపోయి, "ఇది యా చెట్టు కాయ దాసయ్యా?" అన్నారు. చర్చంతా నవ్వింది. వేలంలో ఎవరూ పాడకపోతే సిగ్గుపడుతూ సంతోషమ్మే పాడి ఇంటికి తెచ్చుకుంది. ఇప్పటికీ అది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంది.

రెండో గుబ్బతో కదిలిన ఆ బోటుకు దాసయ్యే డ్రైవరయ్యాడు. రోజూ మునిగిన ఊరి మీదుగా పోయేవాడు. "ఈ పొద్దు మనింటి మీద పోతి. నువ్వు మరిచిపోయిన రోలు ఆడనే ఉందిలే, ఎవరూ ఎత్తకపాయె" అని ఏడిపించేవాడు.

కొన్నాళ్ళకు లివరుకు గట్టి స్ప్రింగు ఒకటి బిగించాడు. నిలబెట్టిన బోటు తనంతట ముందుకు దూకకుండా అని యజమానికి చెప్పాడు. అప్పటినుంచి బోటు ముందుకు పోవాలంటే లివరును చేత్తో అదిమిపట్టే ఉండాలి. అందుకే చెయ్యి గుంజుతోందని సంతోషమ్మ అనుకుంది. అందుకే ఆముదం, అందుకే తిట్లు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, బోటు నిండా జనం ఉండగా, కోటకొండ ఎదురుగా దాసయ్య తలవాల్చేశాడు. చెయ్యి లివరు మీద నుంచి జారిపోయింది. బోటు వేగం తగ్గి, నిలబడి, రాతికి ఇవతలనే మెల్లగా వెనక్కి జరిగింది. కోట చూపించడానికి ఆపాడనుకుని జనం ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ తన పిల్లను ఎత్తుకుని, "అన్నా, మాదొకటి తీయవా?" అని అతని భుజం తట్టినప్పుడుగానీ తెలియలేదు.

సమాధి కూటంలో పాస్టరుగారు అదే చెప్పారు. గాలిని గద్దించిన దేవుడే ఆ బోటును కూడా ఆపాడన్నారు. ఆ మాట పట్టుకునే సంతోషమ్మ ఇన్నాళ్ళూ లేచి అన్నం వండుకుంటోంది. తన మనిషిని తీసుకున్నా, ఆ పసిపిల్లను దేవుడు నిలబెట్టాడు కదా అని.

దాసయ్య చోటులోకి వినోద్ కుమార్ వచ్చాడు. సంతోషమ్మ తమ్ముడి కొడుకు. పులివెందులలో అరటికాయల లారీ తోలేవాడు. బలంగా ఉంటాడు, నోరూ అంతే. వారం తిరక్కుండా చెయ్యి ఊపుకుంటూ వచ్చాడు.

"అత్తా, మామ ఏం మనిషే! లారీ తోలినా, ట్రాక్టరు తోలినా, ఇట్లాంటి లివరు యాడా చూడలే. పొద్దంతా దున్నపోతు కొమ్ము వంచినట్ల వంచి పట్టుకోవాల. ఇంక నా చేత గాదు."

"మీ మామ రెండేండ్లు పట్టుకున్నాడు నాయనా."

"పట్టుకునే గదా పాయె!" అనేసి, నాలుక కరుచుకున్నాడు. తరవాత మెల్లగా, "జీన్సు గుడ్డతో మందంగా ఒక పట్టీ కుట్టియ్యి అత్తా. లివరును ముందుకు నొక్కి పట్టీతో కట్టేస్తా. కొసకు కొక్కెం ఉంటే తగిలించేది, తీసేది. చెయ్యికి సుకం" అన్నాడు.

అందులో తప్పేమీ ఆమెకు కనపడలేదు. ఆ లివరును ఎవరైనా కట్టిపడేస్తే తనకూ సంతోషమే. వినోద్ ఇచ్చిన పాత ప్యాంటు కత్తిరించి, నాలుగు మడతలు వేసి, ఒక కొస గట్టిగా కుట్టింది. రెండో కొసకు కొక్కెం కావాలి. గుడ్డలు తెచ్చుకునే పని కూడా ఉండి, మరుసటి రోజు ప్రొద్దుటూరు బస్సెక్కింది.

ఉమైర్ లేతు ఆపి, చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. "రా అక్కా. దాసన్న పోయినాక ఈ పక్కకే రాకపోతివి. టీ చెప్పనా?"

"టీ వద్దులే. దీనికి ఒక కొక్కెం చేసియ్యి." పట్టీ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏందక్కా ఇది? గేదెకా?"

"బోటు లివరుకు. మా వినోదు చెయ్యి నొస్తాందంట. ముందుకు నొక్కి కట్టేస్తాడంట."

ఉమైర్ నవ్వు ఆగిపోయింది. పట్టీని లేతు బల్లమీద పెట్టాడు, కాలే వస్తువును పెట్టినట్టు. "కట్టేస్తాడా? అల్లా! అక్కా, కడితే ఇంక ఆ స్ప్రింగు ఎందుకు?"

"ఎందుకో నాకేం తెలుసు? ఆ స్ప్రింగే మీ అన్న చేతిని తినింది."

ఉమైర్ బయటికి చూశాడు, లోపలికి చూశాడు. సంతోషమ్మ చదివింది తక్కువే. కానీ మాట మింగే మనిషి ముఖం ఆమెకు తెలుసు.

"ఉమైరూ. ఏందో చెప్పు."

"ఒట్టేయించుకున్నాడక్కా."

"పోయినోనికి ఒట్టేంది? చెప్పు."

"చెయ్యి తీసేస్తే రెక్కలు వాటంతటవే ఎనక్కి మొగం తిప్పాల, బోటు నిలబడాల. దానికే ఆ స్ప్రింగు. ఈ బల్లమీదనే చేస్తిమి. కొండ ఎదురుగా ఉన్నా, చెట్టు ఎదురుగా ఉన్నా, పట్టుకున్నోడు పడిపోతే బోటు తనే ఆగాల అన్నాడు."

"పడిపోతే?" అంది సంతోషమ్మ. ఆ మాట ఆమె నోటికి కొత్తగా ఉంది. "పడిపోతాడని ఎవరు చెప్పినారు?"

ఉమైర్ గోడ అలమర తెరిచాడు. బోల్టుల డబ్బాల వెనక నుంచి మాత్రల అట్టలు తీశాడు. సగం వాడినవి, వాడనివి. "తలలో సన్న నరం మూసుకుంటాందని డాక్టరు చెప్పినాడంట. అందుకే చెయ్యి అప్పుడప్పుడు మాట వినదంట. ఇంటికి తీసకపోతే నువ్వు చూస్తావని ఈడనే పెట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా మింగి పోయేటోడు."

సంతోషమ్మ స్టూలు అంచు పట్టుకుంది. లేతు ఆగే ఉంది. అయినా ఏదో తిరుగుతున్నట్టే ఉంది.

"ఒకటి చెప్పు నాయనా. స్ప్రింగు ముందా, చెయ్యి ముందా?"

ఉమైర్ తల దించుకున్నాడు. "చెయ్యే ముందక్కా."

ఆమెకు గ్లాసు గుర్తొచ్చింది. స్ప్రింగు మాట ఎవరూ ఎత్తని రోజుల్లో, అన్నం తింటూ తింటూ అతని చేతిలోంచి మజ్జిగ గ్లాసు జారి పడింది. కళ్ళు నెత్తికెక్కినాయా అని తనే కసిరింది. తుడుస్తానని వంగిన మనిషి గుడ్డను ఎడమచేత్తో పట్టుకున్నాడు. తను చూసింది. చూసి, మజ్జిగ పోయిందని బాధపడింది.

రోజూ ఆ చేతిని తన ఒళ్ళోనే పెట్టుకుంది. వేలు వేలూ నీవింది. నొప్పి పట్టిన చెయ్యి బిగుసుకుని ఉంటుంది. అతని చెయ్యి తడిగుడ్డలా వదులుగా ఉండేది. ఆముదం పనిచేస్తోందనుకుంది! బోటు తిన్నదని బోటును తిట్టింది. చెయ్యి చచ్చిపోతుంటే దానికి తగ్గట్టు బోటును మార్చుకున్నాడు ఆ మనిషి. ఆ తిట్లన్నీ కళ్ళు మూసుకుని విన్నాడు.

"దిగిపోవచ్చు గదా ఆ బోటు!" అంది. గొంతు పైకి లేచి పక్క దుకాణం వాడు తొంగి చూశాడు. "జబ్బు పెట్టుకుని అంతమందిని ఎక్కించుకుంటాడా? నువ్వన్నా చెప్పకూడదా?"

"చెప్పినానక్కా. కొట్లాడినా. దిగితే మళ్ళీ ఊరి మీదికి ఎవరు తీసకపోతారు నన్ను అన్నాడు."

"ఎక్కినోళ్ళకు స్ప్రింగు పెట్టినాడు. నాకేం పెట్టినాడు ఉమైరూ?"

ఉమైర్ మాత్రల అట్టలు ఆమె ముందుకు జరిపాడు. ఆమె పట్టీ మడిచి సంచిలో వేసుకుంది. మాత్రలు తీసుకోలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. జమ్మలమడుగు వచ్చిందని కండక్టరు వచ్చి తట్టేదాకా లేవలేదు. గుడ్డల దుకాణానికి వెళ్ళనే లేదని ఇంటికి వచ్చాక తెలిసింది.

శనివారం సాయంత్రం వినోద్ వచ్చాడు. తలుపుకు అడ్డంగా ఉన్న ఇత్తడి గుబ్బను కాలితో పక్కకు నెట్టి, "పట్టీ ఏదత్తా? రేపు ఆదివారం, జనం శానా వస్తారు" అన్నాడు.

"కుట్టలేదు."

"అయ్యో, ఇన్ని దినాలూ ఏం చేస్తాంటివి? ఇప్పుడు కుట్టియ్యి, కూచుంటా."

"ఈడికి రా ముందు." రెండు వేళ్ళు అతని ముందు చాపింది. "గట్టిగా పట్టుకో. నీ బలమంతా పెట్టి."

"ఏందత్తా, పంజా ఆటా?" అంటూ పట్టుకుని నొక్కాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేంత గట్టిగా. వేళ్ళు వెనక్కి తీసుకుని ఊదుకుంది.

"ఏం లేదు. నీది నొప్పే, జబ్బు గాదు."

"జబ్బని ఎవరన్నారు?"

ఆమె వంగి గుబ్బను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఒక రెక్క బిగుసుకుపోయి ఉంది, తక్కిన రెండూ వేలితో తోస్తే అటూ ఇటూ మొగం తిప్పుతున్నాయి. వాటిని తిప్పుతూనే చెప్పింది, ఉమైర్ చెప్పినదంతా. మాత్రల సంగతి, స్ప్రింగు సంగతి, ఆ రోజు కొండ ఎదురుగా బోటు ఎందుకు ఆగిందో ఆ సంగతి.

"అయితే దేవుడు ఆపలేదా అత్తా?" అన్నాడు వినోద్.

"ఏమో నాయనా. మీ మామ చేత చేయించినాడేమో. వాళ్ళిద్దరూ కలిసి నాకు మాత్రం చెప్పలేదు."

వినోద్ తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "నాకేం రోగం లేదులే అత్తా. గట్టిగానే ఉండా. రేపు ఒక్కనాటికి కుట్టియ్యి, ఎల్లుండి నుంచి ఓపిక పడతా."

"ఆయప్పా గట్టిగానే ఉండె. గంటను మోసుకొచ్చినోడు." ఆమె లేచి ఇత్తడి గిన్నె తీసింది. ఆముదం సీసా అడుగున కొంచెం మిగిలి ఉంది. పొయ్యి ముట్టించింది. "చెయ్యి నొస్తే తీసెయ్. బోటు నిలబడతాది. జనం ఏందంటే, కోట చూడండి అని చెప్పు. ఇంటికి వస్తే నేను నీవుతా."

గోడకవతల జైబున్నీసా దగ్గింది. వాసన అటు వెళ్ళినట్టుంది. కాసేపటికి, "సంతోషా, ఎవరే వచ్చింది?" అని ఆమె గొంతు సన్నగా వినిపించింది.

సంచిలోంచి తీసిన పట్టీ మిషను మీద సూది కిందనే ఉంది. ఒక కొస కుట్టి, కొక్కెం లేని రెండో కొస పిన్నుతో నిలిపి. దారం ఎక్కించే ఉంది. వినోద్ అటు చూశాడు, అత్త ముఖం చూశాడు, మళ్ళీ అడగలేదు. సంతోషమ్మ గిన్నె దించి మిషను పక్కగానే నడిచి వచ్చింది. పట్టీని తీయలేదు, కుట్టలేదు. వినోద్ చేతిని ఒళ్ళోకి లాక్కుంది.