సత్యవతి చేసిన కిరీటాలు

నేను ఒక అబద్ధం ఆడాను. ఉద్యోగం చేసినవాణ్ణి, సంసారం చేసినవాణ్ణి, ఒక్కటే ఆడానంటే మీరు నమ్మరు. కానీ ఇది వేరు. మా ఇంటి అరుగు మీద, పట్టపగలు, ఒక పెద్దమనిషికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ ఆడాను. ఆడటానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. పదమూడేళ్ళుగా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదనిపిస్తోంది. తెలిసినవాళ్ళకి చెబితే "పోనిద్దురూ, ఇంత చిన్నదానికా" అంటారు. నిజమే, చిన్నదే. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. మరి అంత చిన్నదైతే మా ఆవిడ మొహం చూసి ఎందుకు చెప్పలేకపోయాను?

మాది కొవ్వూరు. హైస్కూల్లో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పేరు సత్యవతి అనుకోండి. అసలు పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు. రామచంద్రపురం పక్కన పల్లెటూరు ఆవిడది, వ్యవసాయదారుల ఇంటి పిల్ల.

నాకు నాటకాల పిచ్చి. నాలాంటి చిరుద్యోగులం పదిమందిమి కలిసి సమాజం పెట్టుకుని పౌరాణిక నాటకాలు వేసేవాళ్ళం. గొంతు ఓ మాదిరిదే అయినా ఒడ్డూ పొడుగూ ఉన్నాయని నాకు రాజు వేషం ఇచ్చేవారు. కిరీటాలూ నగలూ గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళి అద్దెకి తెచ్చుకోవాలి. మా జీతాలకి ఆ అద్దె బరువే. పైగా ఆ కిరీటం ఎంతమంది తలల మీద కూర్చుని వచ్చిందో! ఒకసారి నాటకం అయ్యాక నా నుదురంతా దద్దుర్లు. సత్యవతి కొబ్బరినూనె రాస్తూ ఆ కిరీటాన్ని తిరగేసి, వేలితో గీరి చూసింది.

"ఇందులో ఏముందండీ, అట్టేగా. నేను చేసి పెడతాను."

నవ్వాను. ఆవిడ కుట్టుమిషను కూడా తొక్కి ఎరగదు మరి.

మొదటి కిరీటం బిందె బోర్లించినట్టు వచ్చింది. రెండోది ఒక పక్కకి ఒరిగింది. మూడోది తలకి పట్టుకుంది. నా తల చుట్టుకొలత పురికొసతో తీసి, ముడి వేసి, ఆ పురికొసని మేకుకి తగిలించి ఉంచేది. కొన్న సామాను దాదాపు ఏమీ ఉండేది కాదు. ఇంటికి వచ్చిన శుభలేఖలు, పక్కింటివాళ్ళకి వచ్చిన శుభలేఖలు, మా స్కూలు మేష్టర్లు పారేయబోయిన శుభలేఖలు. ఆ దళసరి అట్టల్ని చింతగింజల పిండి ఉడికించిన జిగురుతో పొరలు పొరలుగా అంటించేది. అయిపోయిన టూత్‌పేస్టు గొట్టాల్ని కోసి, విప్పి, కడిగితే లోపలి వైపు వెండిలా మెరిసేది. ఖాళీ రీఫిల్‌తో వెనక నుంచి నొక్కి ఆ రేకు మీద లతలూ పువ్వులూ తేల్చేది. పైన పసుపురంగు కలిపిన వార్నిష్ పూస్తే బంగారమే. ఎండిన ఆనపకాయ బుర్రకి కాగితాలు అంటించి, కర్ర దిగ్గొట్టి గద చేసింది. కొబ్బరిపీచు దువ్వి, నల్లరంగులో ముంచి మీసాలు చేసింది. శివరాత్రికి పట్టిసీమ తీర్థానికి వెళ్తే అందరం దర్శనం వరసలో ఉన్నాం, ఈవిడ కనపడదు. వెతికితే ఒక స్తంభం దగ్గర నిలబడి, పడవ టికెట్టు వెనకాల ఆ స్తంభం మీది తీగ బొమ్మ వేసుకుంటోంది.

కిరీటం లోపల, నుదుటికి తగిలేచోట, పాత బొంతలోంచి తీసిన దూదిని మల్లు గుడ్డలో పెట్టి కుట్టేది. అది ఎవరికీ కనపడదు. నాకే తెలుస్తుంది, పెట్టుకున్నప్పుడు. ఆ మెత్తదనం గురించి నేను ఆవిడతో ఒక్కసారైనా మాట్లాడానా అని ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నాను. లేదు.

మెల్లగా సమాజంలో అందరి సామానూ ఆవిడే చేయడం మొదలుపెట్టింది. పేరు వచ్చింది. ఎక్కడ నాటకం వేసినా జనం ముందు వరసలోకి వచ్చి నగలు చూసేవారు. ఒక ఊళ్ళో నన్ను ఎవరో "కిరీటాలావిడ గారి భర్త" అని పరిచయం చేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ తగిలిందో ఆ రోజు నాకు తెలియలేదు.

తర్వాత రాజమండ్రిలో పోటీలు. మధ్యాహ్నం మా నాటకం. ఆ సంవత్సరం ఉత్తమ నటుడి బహుమతి నాకు వస్తుందని నేను గట్టిగా అనుకున్నాను. రాలేదు. మా నాటకానికి ఒక్కటే బహుమతి వచ్చింది. ఉత్తమ ఆహార్యం, అంటే వేషానికీ అలంకరణకీ ఇచ్చేది. సమాజం తరఫున నేనే వేదికెక్కి తీసుకున్నాను. బహుమతి ఇస్తున్న పెద్దాయన మైకులో, "పద్యాల సంగతి అలా ఉంచండి, ఆ కిరీటం మాత్రం నిజంగా ఏ రాజుగారి ఇంట్లోంచో ఎత్తుకొచ్చినట్టుంది" అన్నాడు. హాలంతా చప్పట్లు. మూడో వరసలో సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. సిగ్గు, సంతోషం. పెళ్ళయ్యాక ఆవిణ్ణి అంత సంతోషంగా నేను చూడలేదు. అది చూసి నాకు ఏమనిపించిందో రాయాలి కదా. కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేని కోపం. పద్యాల సంగతి అలా ఉంచండి. ఆ మాట రైలు వంతెన దాటేదాకా చెవిలో గిరగిర తిరుగుతూనే ఉంది.

పది రోజుల తర్వాత ఆయన వచ్చాడు. ఆదివారం, పొద్దున్న పదకొండు అవుతోంది. తెల్లపంచె, చేతిలో గుడ్డసంచి, అరవైకి దగ్గర పడిన మనిషి. సత్యవతి నా తర్వాతి వేషానికి పూసలు కొనడానికి బజారుకి వెళ్ళింది. అరుగు మీద ఆవిడ అంతకు ముందురోజు రంగు వేసిన భుజకీర్తులు, రాజులు భుజాల మీద పెట్టుకునే ఆ రెక్కల్లాంటి నగలు, ఎండలో ఆరుతున్నాయి.

"ఆయ్, మాది రామచంద్రపురమండి. మొన్న పోటీల్లో మీ సామాను చూశానండి. అమ్మగారే చేశారంటగా?" అన్నాడు. ఆయన నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టు పెడుతున్నాడట. మొత్తం సామాను ఆవిడ చేతే చేయించాలని వచ్చాడట. "సాయానికి ఇద్దరు ఆడపిల్లల్ని పంపుతానండి. ఆళ్ళకీ పని నేర్పినట్టుంటది. ప్రతి కిరీటం లోపలా అమ్మగారి పేరు రాయిస్తానండి. పనిచేసినోళ్ళ పేరు ఉండాలి గదండీ."

పేరు. నా పద్యాలకి రాని పేరు, ఊళ్ళో తిరిగే ప్రతి రాజు తలకీ తగులుకుని తిరుగుతుందా?

"ఆవిడ మానేసిందండీ," అన్నాను. "కళ్ళు దెబ్బతిన్నాయి. సన్నపని చేస్తే ఉన్న చూపు కూడా పోతుందన్నాడు డాక్టరు."

ఆయన మొహం వాడిపోయింది. అరుగు వైపు చూశాడు. "మరి ఇవండీ?"

"పాతవే. రంగు వెలిస్తే నేను పూశాను."

నా వేళ్ళకి రంగు చుక్క కూడా లేదు. ఆయన చూశాడో లేదో. చూసినా, భార్య కళ్ళ గురించి ఏ మొగుడూ అబద్ధం ఆడడని అనుకుని ఉంటాడు. లేచి రెండు చేతులూ జోడించాడు. "జాగ్రత్తగా చూసుకోండి బాబూ. తగ్గితే ఓ కార్డు ముక్క రాయండి" అని అడ్రసు రాసిన కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు.

కాగితాన్ని చింపేశాను. ఆయన నీళ్ళు తాగిన గ్లాసు నేనే కడిగి బోర్లించాను. అంతకు ముందెప్పుడూ మా ఇంట్లో నేను గ్లాసు కడిగి ఎరగను. సత్యవతి చెమటతో వచ్చి, పూసల పొట్లం విప్పి ఎండలో పెట్టి చూపించింది. "ఈ ఎరుపు మీకు బాగుంటుందండీ" అంది. ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను.

ఇంతటితో ఆగి ఉంటే అది ఒక క్షణం పాటు వచ్చిన కుళ్ళు అనుకుందును. ఆగలేదు. నాలుగైదు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవిడ ముక్కల పెట్టె ముందేసుకుని, రేకులు ఒకవైపు, జరీ అంచులు ఒకవైపు సర్దుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఏమండీ, నా పని బాగోదా?"

"ఎందుకు బాగోదు?"

"మరి ఒక్కళ్ళూ అడగలేదేంటండీ? ప్రైజు వచ్చాక ఎవరో ఒకరు చేసి పెట్టమంటారేమో అనుకున్నాను."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఒకాయన వచ్చాడు, నేను పంపేశాను, ఇప్పుడే రామచంద్రపురం వెళ్దాం పద అని ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా.

"ఇంట్లో సరదాగా చేసుకునేది వేరు సత్యా. డబ్బిచ్చి తీసుకెళ్ళేది వేరు."

"అంతేనంటారా?"

"అంతే."

తల ఊపింది. చేతిలో ఉన్న రేకుని చుట్టచుట్టి పెట్టెలో పెట్టింది. నామీద ఆవిడకి అంత నమ్మకం. ఆ నమ్మకాన్నే కర్రలా పట్టుకుని ఆవిడని కొట్టాను.

ఆ తర్వాత కూడా చేసింది. అడిగితే చేసేది. కానీ పడవ టికెట్ల వెనక బొమ్మలు వేసుకోవడం మానేసింది. దూదిమెత్త మాత్రం మానలేదు. కొన్నాళ్ళకి ఒకరికి బదిలీ, ఒకరికి జబ్బు, అలా సమాజం చెదిరిపోయింది. ఆవిడ సామానంతా ఒక స్కూలు వార్షికోత్సవానికి ఇచ్చేసింది. నన్ను అడిగే ఇచ్చింది. సరేనన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. రామచంద్రపురం అంటే నాకు భయం పట్టుకుంది. అక్కడ ఆయన ఎదురుపడితే? అందుకని ఆవిడ పుట్టింటికి వెళ్దామన్నప్పుడల్లా ఏదో వంక పెట్టేవాణ్ణి. సెలవు లేదు, ఒంట్లో బాగోలేదు. మా అత్తగారు మంచాన పడినప్పుడు ఆవిణ్ణి పంపాను గానీ, మూడో రోజుకే ఫోన్ చేసి వచ్చేయమన్నాను. వచ్చేసింది. ఇంకో వారానికి అత్తగారు పోయారు. నా భోజనం కోసం రమ్మన్నాననుకుంది సత్యవతి. ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

అలా పదకొండేళ్ళు. చివరికి మా బావమరిది కూతురి పెళ్ళి, రామచంద్రపురంలోనే. దానికి వంక పెట్టడం కుదరలేదు. మధ్యాహ్నం భోజనాల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పెరుగన్నంలో ఉన్నాను. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి మా ఎదురుగా ఆగాడు. ముందు నన్ను గుర్తుపట్టాడు. తర్వాత ఆవిణ్ణి చూసి వంగి నమస్కారం పెట్టాడు.

"అమ్మగారూ, నన్ను మీరెరగరు. కళ్ళు ఎలా ఉన్నాయండి ఇప్పుడు?"

సత్యవతి ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలియదు. నా చెయ్యి విస్తట్లో అలాగే ఉండిపోయింది. ఆవిడ మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"బాగున్నాయండీ. ఇప్పుడు బాగానే ఉన్నాయి."

"పోనీలెండి. ఆ రోజు మీ ఇంటికొచ్చి, విని, చాలా బాధపడి ఎళ్ళానండి. అంత పనితనం ఉన్న చేతులు..." అని ఇంకేదో అనబోతుంటే ఎవరో పిలిచారు. వెళ్ళిపోయాడు.

ఆవిడ భోజనం ముగించింది. నేను చెయ్యి కడుక్కోవడానికి లేస్తే చెంబుతో నీళ్ళు పోసింది. సాయంత్రం బస్సులో నా పక్కన కిటికీ వైపు కూర్చుంది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ప్రతి స్టాపులోనూ అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నిద్రపోయిందో, కళ్ళు మూసుకుందో. గోదావరి మీద చల్లగాలికి కొంగు జారితే నేనే కప్పాను.

రెండేళ్ళయింది. అడగలేదు.

ఎందుకు అడగలేదు? అంతా అర్థమైందా? లేక ఆ ముసలాయన ఎవర్నో చూసి ఎవరో అనుకున్నాడనుకుని, చిన్నబుచ్చడం ఎందుకని అలా అందా? అర్థమై కూడా పదిమందిలో నా పరువు కాపాడిందా? అలా అయితే ఆ రోజు నుంచీ ఆవిడ కూడా ఒక బరువు మోస్తోంది, అదీ నేను తలకెత్తిందే. నేనే నోరు విప్పొచ్చు. విప్పితే ఆవిడ ఏదో ఒకటి అనాలి. క్షమించాననాలి, లేదా క్షమించలేననాలి. ఆ అవస్థలోకి ఆవిణ్ణి నెట్టే హక్కు నాకు లేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇది మర్యాదా, పిరికితనమా? రాస్తుంటే తెలుస్తోంది. పిరికితనమే.

ఇవాళ ఎదురింటి పాపకి స్కూల్లో వేషాల పోటీ అట. సీతాకోకచిలుక వేషం. వాళ్ళమ్మ అడిగితే సత్యవతి పెరట్లో కూర్చుని చీపురుపుల్లలు వంచి, పాత నైలాన్ చీర కోసి రెక్కలు కడుతోంది. ఇన్నేళ్ళ తర్వాత చేతిలో కత్తెర. పొద్దున్న నేను పక్కన నిలబడితే, "ఈ కొస పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. ముడి వేసేదాకా పట్టుకున్నాను. చెప్పలేదు. లోపలికి వచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఆవిడ కళ్ళకి ఏ రోజూ ఏమీ కాలేదు. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చిన మనిషి ఆవిడ పని చూసి, ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. నేను ఓర్చుకోలేక పంపేశాను.

ఈ మూడు వాక్యాలే నేను రాయాల్సినవి. మిగిలిందంతా వాటి దాకా రావడానికి చుట్టూ తిరిగిన దారి. రాసేశాను. మీరు చదివారు. ఇప్పుడు ఈ సంగతి నాకు ఒక్కడికే తెలిసినది కాదు.