చప్పుడు ఆగే చోటు

దయ్యాల కబుర్లు ఎత్తితే ఎంతటి పాత గిరాకీనైనా దుకాణంలోంచి లేపి పంపించే మనిషిని నేను. మాది బాన్సువాడలో పశువుల దాణా దుకాణం. అక్కడ తూకం మాట తప్ప వేరే మాట నాకు గిట్టదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మాకు ఒక పాత జీపు ఉంది. బీర్కూర్ వైపు ఊళ్లకు దాణా బస్తాలు అందులోనే తీసుకెళ్తాం. మా ఆయన నడిపేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. పిల్లలు లేరు మాకు. ఎక్కడికెళ్లినా ఇద్దరం ఆ జీపులోనే.

ఆ జీపులో స్టీరింగ్ చక్రం కింద ఉండే గొట్టం వదులైంది. బండి కదిలితే చాలు, గడగడమని ఒకటే మోత. బాగు చేయించమని నేను పోరేదాన్ని. ఆయన ఎడమ చేత్తో ఆ గొట్టాన్ని ఒడిసి పట్టేవాడు. చప్పుడు ఆగిపోయేది.

"నేనున్న గదా! గింత దానికి మెకానిక్ ఎందుకే?" అనేవాడు.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడంలో మా ఆయనను మించినవాడు లేడు. దారిలో కాలువ పక్కన కంకర తేలిన రోడ్డు కొంత దూరం ఉంది. మోత ఎక్కువయ్యేది అక్కడే. అది దాటేదాకా ఆయన చెయ్యి తీసేవాడు కాదు.

పోయిన వానకాలంలో గుండెనొప్పి వచ్చి, దవాఖానకు చేరేలోపే ఆయన పోయాడు.

నేను దుకాణం మూయలేదు. జీపు నడపడం నేర్చుకున్నాను. ఆడమనిషి జీపు నడుపుడేందని కొందరు నవ్వారు. నాలుగుసార్లు దాణా ఇంటి ముందు దిగేసరికి వాళ్లే ఊరుకున్నారు. కష్టమల్లా సాయంత్రాలే. పగలంతా బేరాలాడిన నోటికి ఇంటికి రాగానే తాళం పడేది. ఆ ఇంటికంటే జీపు మోతే నయమనిపించేది.

మొదటిసారి ఒక్కదాన్నే బీర్కూర్ వెళ్లినప్పుడు దారంతా గొట్టం గడగడలాడుతూనే ఉంది. కంకర రోడ్డు ఎక్కగానే ఆగిపోయింది. నా రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. తారు రోడ్డు రాగానే మళ్లీ మొదలైంది. ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బండి ఖాళీ. అప్పుడూ అక్కడే ఆగింది. ఆ తర్వాత ఎండలోనైనా, వానలోనైనా అంతే. మోత పెరగాల్సిన చోట మోత ఉండేది కాదు.

నేను భయపడలేదు. ఉన్నమాట చెప్పాలంటే, గిరాకీ లేని రోజు కూడా ఆ దారిన వెళ్లొచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం మలుపు దగ్గర చక్రంతో పాటు గొట్టమంతా పక్కకు ఒరిగింది. జీపు కాలువ గట్టు దాకా పోయి ఆగింది. మెల్లగా నడుపుకుంటూ మా మెకానిక్ ఖాజా భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను.

అతను కిందికి దూరి చూసి, "లోపల గొట్టాన్ని పట్టి ఉంచే బుష్ అరిగిపొయ్యిందక్కా. బోల్టు సగం కోసుకపొయ్యింది. గిట్లనే నడిపితే ఏదో ఒక రోజు స్టీరింగ్ చేతిలకొస్తది" అన్నాడు.

అప్పుడు చప్పుడు సంగతి చెప్పాను. అట్లెట్లయితదని నవ్వి, ముందు బోల్టు కొంచెం బిగించి, తనే నడిపాడు. కంకర రోడ్డు మీద మోత రెట్టింపైంది. నా ప్రాణం ఉసూరుమంది. వచ్చేటప్పుడు నేను నడిపాను. కంకర రాగానే చప్పుడు ఆగింది. ఖాజా భాయ్ వంగి గొట్టం మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేసి, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. షెడ్డు ముందు బండి ఆపాను.

ఏమైందని అడిగాను.

"ఎచ్చగుందక్కా. ఇంజన్ ఎచ్చదనం గాదు. మనిషి పట్టుకున్నంత జాగనే." బండి దిగి, "చెయ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు" అన్నాడు.

బాగు చేయిస్తే మోత పోతుంది. మోతే లేకపోతే అది ఆగిందని నాకెలా తెలుస్తుంది? నాకు మిగిలింది ఆ కాస్త దూరమే. కానీ కాలువ గట్టు కళ్ల ముందే ఉంది. నేను పోతే ఆ దుకాణం తలుపు తీసేవాళ్లు కూడా లేరు. చెయ్యమని చెప్పి, బయటికొచ్చి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఖాజా భాయ్ పాత సామాను ఎప్పుడూ తన దగ్గర ఉంచుకోడు. కొత్తది వేసినట్టు గిరాకీకి తెలియాలని తిరిగి ఇచ్చేస్తాడు. అరిగిన బుష్, కోసుకుపోయిన బోల్టు నా చేతిలో పెట్టాడు. వాటిని చక్రం పక్కనున్న ఇనుప అరలో పడేశాను.

మర్నాడు బస్తాలతో బయల్దేరాను. గొట్టం రాయిలా గట్టిగా ఉంది. అరలో ఆ ఇనుప ముక్కలు మాత్రం దారంతా గలగలలాడుతున్నాయి. విసుగొచ్చి, దిగాక పారేద్దామనుకున్నాను.

కంకర రోడ్డు వచ్చింది. వెనక బస్తాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అరలో చప్పుడు లేదు.

బండి నెమ్మది చేసి చూశాను. బుష్, బోల్టు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. జీపంతా ఊగుతోంది, అవి మాత్రం కదలడం లేదు. చెయ్యి చాపబోయి ఆగాను. పోయి పోయి వాటిని పట్టుకున్న చేతిని నేనే విదిలించినట్టవుతుందేమోనని. తారు రోడ్డు ఎక్కగానే గలగల మళ్లీ మొదలైంది.

"గుడ్డల సుట్టి పెట్టుకోరాదక్కా, సప్పుడు రాదు" అన్నాడు ఖాజా భాయ్, ఆ తర్వాత ఒకసారి ఆ గలగల విని. చుట్టలేదు. అవి ఇప్పటికీ ఆ అరలోనే ఉన్నాయి.

ఇది ఎందుకు జరుగుతోందో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ నాకు దొరకలేదు. ఆ కంకర మీద తారు వేస్తారని ఈమధ్య చెప్పుకుంటున్నారు. అందరూ సంతోషపడుతున్నారు. వేయకుంటే బాగుండునని కోరుకునేది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.