గవ్వ గుండె లెక్క

ఒకప్పుడు ఈ తూర్పు తీరానికి ఓడల్లో గుర్రాలు దిగేవని ఎక్కడో చదివాను. ఇప్పుడు మైపాడు ఇసుకలో మిగిలినవి, సముద్రం చూడవచ్చినవాళ్లను ఎక్కించుకుని తిరిగే నాలుగైదు. వాటిలో వినోద్ ఆడగుర్రం ఒకటి, పేరు గవ్వ. నేను చెప్పేది మాత్రం కోవూరు జయకుమార్ సంగతి. ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆదివారాలు చర్చిలో డోలక్. గుర్రం ఎడమ ముందుకాలి వెనక చెవి ఆనించి గుండె ఎలా ఉందో చెప్పేసేవాడు.

గవ్వ పరుగులో రెండుసార్లు ఆగి రొప్పింది. వినోద్ కబురు పెట్టింది జయకుమార్‌కు కాదు, కొత్త డాక్టరు డెబోరాకు. అది తెలియగానే ఆయన చేపలు కొనే నెపంతో మైపాడు బయలుదేరాడు. బండి వెనక నేను.

డెబోరా గవ్వ ఛాతీకి తీగలు తగిలించి ఫోను చూస్తోంది. అందులో గుండె గీత నాలుగుసార్లు ఎగిరి, ఒకటి మానేసి, మళ్లీ నాలుగు.

"ఆగిపోతా ఉందే మేడమ్!" అన్నాడు వినోద్.

"ఊరికే నిలబడినప్పుడు మంచి గుర్రాలకూ ఇలా ఒక దెబ్బ తప్పుతుంది. కదిలితే పోతుంది."

కాసేపు నడిపించారు. పోయింది.

"గుర్రాల సంగతి ఫోనుకు బానే తెలిసినట్టుందే" అని జయకుమార్ నా దగ్గర గొణిగాడు.

"అయితే రేపు కావలి పెళ్లికి తోలుకుపోవచ్చా మేడమ్?"

"పోవచ్చు."

జయకుమార్ ముఖం వెలిగింది. ఎందుకో తర్వాత తనే ఒప్పుకున్నాడు. కిందటి ఆదివారం గవ్వ గట్టిగా పరుగెత్తి వచ్చినప్పుడు చెవి ఆనించి విన్నాడట. డోలక్ మీద కోతి గెంతినట్టు, లెక్కా పత్రం లేని చప్పుడు. వినోద్ అడుగుతాడని కాచుకున్నాడు. అడగలేదు. ఇప్పుడు ఈ పిల్ల పొరబడింది. ఇంకేం కావాలి?

వినోద్ పెళ్లివాళ్లకు ఫోను కలిపాడు. "వస్తాం సార్. ఎంత దూరమైనా గెంతతానే వస్తాది మా గవ్వ."

ఆ 'గెంతతానే' చెవిన పడగానే జయకుమార్ చేతిలో సంచి జారింది. "పెట్టెయ్‌రా ఫోను! పెళ్లికొడుకు కింద చస్తాది అది!"

విన్నదంతా కక్కేశాడు.

"ఇంతసేపూ చెప్పలేదేం?" అంది డెబోరా.

"నన్నెవురడిగినారు?"

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది ఆయనకు.

"గట్టిగా పరుగెత్తిద్దాం. చెవి మీరు పెట్టండి."

రెండు కిలోమీటర్లు తోలి తెచ్చారు. జయకుమార్ విని తలూపాడు. తీగలు తగిలించారు. గీత పిచ్చిగీతలయింది.

"గుండె పై గదులు కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి," అంది డెబోరా. "నేను పట్టుకోలేకపోయాను."

అంత సులువుగా ఎలా ఒప్పుకుందని ఆయనకు ఇంకో మంట.

గంటలు గడిచినా వణుకు తగ్గలేదు. తిరుపతి పశువుల పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డెబోరా అక్కడే ఉంది. ముక్కులోంచి గొట్టం వేసి, గీత చూసుకుంటూ మందు విడతలుగా పోశారు. రెండోరోజుకు గుండె దారికొచ్చింది. నెల రోజులు పరుగు లేదన్నారు.

నెల తర్వాత గవ్వను పరుగెత్తించి తెచ్చినప్పుడు డెబోరా తన స్టెతస్కోపు జయకుమార్ చేతికిచ్చింది.

ఆయన వంగి విన్నాడు. ఇంకా విన్నాడు.

"ఏందన్నా?" వినోద్ దగ్గరికొచ్చాడు.

"ఉండరా."

ఒక్క దెబ్బయినా తప్పుతుందేమోనని వెతికాడు. దొరకలేదు.

"బానే ఉంది," అన్నాడు, డెబోరా వైపు చూడకుండా.