రావి సన్నాఫ్ రావి

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. నీకింకా ముప్ఫై నిండలేదు, అప్పుడే చిన్నప్పుడేంటే అంటుంది. నిజమే, ఈ మాట రాయాలంటే కాస్త నెరిసిన జుట్టుండాలి, మధ్యమధ్యలో ఆగి దగ్గాలి. నా దగ్గర అవేవీ లేవు. ఒక రోజు మాత్రం ఉంది. ఏడో తరగతిలో ఉండగా జరిగిన ఆ రోజు తలుచుకుంటే, ఆ ఉదయం వరకే నాకు చిన్నతనం ఉందేమో అనిపిస్తుంది.

తెనాలిలో మా పక్కింట్లో ఒక తాతయ్య ఉండేవాడు. మిలటరీ తాతయ్య అనేవాళ్ళం. అసలు పేరేదో ఉండే ఉంటుంది, వీధిలో ఎవరికీ దాంతో పని పడలేదు. మిలటరీ నుంచి వచ్చాక చాలా ఏళ్ళు రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేసి మానేశాడు. సాయంత్రం వరండాలో కూర్చుని, పిల్లలు ముగ్గురు దొరికితే చాలు, తన కథ మొదలుపెట్టేవాడు. అందులో ఒక కొండ ఉంటుంది. మోకాలిదాకా మంచు. యుద్ధంలో పొట్టకి గుండు తగిలిన ఆఫీసరుని వీపున వేసుకుని ఒక పగలూ ఒక రాత్రీ కొండ దిగుతాడు తాతయ్య. కింద డాక్టర్లు చూస్తారు, ఆఫీసరు బతుకుతాడు. సాక్ష్యంగా ఎడమ కాలి చెప్పు విప్పి, మంచు తినేసిన రెండు వేళ్ళు చూపించేవాడు. లేని వేళ్ళను చూపించడం కష్టమే, కానీ ఆయన బాగా చూపించేవాడు.

ఆ కథలో నాకొక లెక్క తేడా కనిపించింది. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు వీపు మీది మనిషి కెప్టెన్. ఐదులోకి వచ్చేసరికి మేజర్. ఏడో తరగతికి కల్నల్ అయ్యాడు. ఒక సాయంత్రం మా అమ్మావాళ్ళు వీధరుగు మీద కూర్చుని ఉండగా నేను ఈ సంగతి బయటపెట్టాను. తాతయ్య వీపు మీద ఎక్కినవాళ్ళకి ఏటేటా ప్రమోషన్లు వస్తున్నాయి, ఇంకో రెండేళ్ళు ఆగితే జనరల్‌నే దింపుతాడు అన్నాను. అందరూ నవ్వారు. పక్కింటి అక్కకి నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ నవ్వు మా పెదనాన్న చెవిలో పడింది.

మా పెదనాన్న బాపట్లలో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. రోజూ రైల్లో పోయి రైల్లో వచ్చేవాడు. పగలంతా ఫైళ్ళు చూసి చూసి, ఆయన దృష్టిలో మనిషి పుట్టేది కూడా బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే. మా స్కూలు పేరెంట్స్ కమిటీలో కూడా ఉన్నాడు. సరిగ్గా ఆ ఏడాదే మా హెడ్మాస్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఆగస్టు పదిహేనుకీ ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి తాడు లాగడం, ముడి బిగుసుకోవడం, డ్రిల్ మాస్టారు స్టూలెక్కడం మామూలే. ఈసారి మిలటరీ తాతయ్య చేత జెండా ఎగరేయిద్దామన్నారు. తాతయ్యకి కబురు వెళ్ళింది. ఆయన మర్నాడే తెల్లచొక్కా కుట్టించుకోవడానికి వెళ్ళాడు. ఆ చొక్కా సంగతి వారంలో వీధి మొత్తానికీ తెలిసిపోయింది.

పెదనాన్న మాత్రం కమిటీలో ఒక మాట అన్నాడు. రుజువు కావాలన్నాడు. ఈయనకి పెన్షను లేదేం? మెడల్ లేదేం? మోసిన ఆఫీసరు ర్యాంకు పెరుగుతోందేం? ఆ మూడో ప్రశ్న నాది. నా ప్రశ్న అంత దూరం వెళ్ళిందని తెలిసి నాకు ఇంకా గర్వంగా అనిపించింది.

తాతయ్య ఏమీ బాధపడలేదు. ఏడేళ్ళే చేశానండి, మధ్యలో వచ్చేశాను, అంత తక్కువ సర్వీసుకి పెన్షను రాదండి అన్నాడు. కాగితాలన్నీ ఉప్పెనలో పోయాయట. మిగిలిన ఒక్కటి ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఇచ్చాడు. టీలో ముంచి తీసినట్టున్న ఆ కాగితం మీద ఫొటో ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఉంది. ఇంగ్లీషులో రెండే రెండు సంగతులు చదవడానికి వచ్చాయి. పేరు రావి. తండ్రి పేరు రావి. రావి తాతయ్య ఇంటిపేరు. ఇదేంటండీ, కొడుకూ తండ్రీ ఇద్దరూ రావేనా అని పెదనాన్న అడిగితే, వాళ్ళకి మన పేర్లు తెలియవు కదండీ అని ఊరుకున్నాడు తాతయ్య.

పెదనాన్న ఊరుకోలేదు. ఆ కాగితంలో ఉన్న వివరాలూ తాతయ్య సొంతూరి పేరూ రాసి, మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఆఫీసుకి ఉత్తరం పెట్టాడు. జవాబు ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. మా వరండాలో నిలబడి చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. రేపల్లె దగ్గర ఫలానా ఊరికి చెందిన రావి, తండ్రి రావి, యుద్ధంలో చనిపోయాడని ఉంది అందులో. ఎన్నిసార్లు కళ్ళజోడు తుడిచినా ఆ మనిషి బతకలేదు.

గోడ అవతల తాతయ్య దగ్గుతున్నాడు.

రోజూ నా తల నిమిరే మనిషి చచ్చిపోయాడు, లేకపోతే చచ్చిపోయిన ఎవరిదో పేరు పెట్టుకుని ఇన్నాళ్ళూ మా పక్కన కూర్చున్నాడు. రెండిట్లో ఏది నయమో తేల్చుకోలేకపోయాను. పెదనాన్న రెండోదే అని తేల్చేశాడు. చనిపోయిన జవాను కాగితం దొంగిలించాడన్నాడు. పోలీసులకి చెప్పాలన్నాడు. అంతకంటే ముందు ఆ ఊరు వెళ్ళి ఆ కుటుంబానికి చూపించి రూఢి చేసుకోవాలన్నాడు. ఆ ఆదివారం నన్ను సూర్యలంక తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాడు. సముద్రం ఎక్కడికీ పోదు, నువ్వు మొదలెట్టిందే కదా, నడువు అని రేపల్లె రైలెక్కించాడు.

రేపల్లెలో దిగి ఆటోలో ఆ ఊరు చేరేసరికి పదకొండయింది. రావి వాళ్ళిల్లు ఎక్కడని అడిగితే, ఏ రావోళ్ళండీ, ఊళ్ళో సగం వాళ్ళే అన్నాడు కిళ్ళీకొట్టాయన. మిలటరీలో పోయినాయన ఇల్లు అన్నాడు పెదనాన్న. ఆయన కొట్టు దిగొచ్చి, సందు చివరిదాకా వచ్చి ఇల్లు చూపించి వెళ్ళాడు.

అరవై ఏళ్ళ ఆవిడ ఒకరు అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. చనిపోయినతని చెల్లెలు. మమ్మల్ని లోపలికి రమ్మంది. ఎవరేమిటని అడక్కముందే మంచినీళ్ళిచ్చింది. గోడ మీద దండ వేసిన ఫొటో ఉంది. మిలటరీ టోపీ, సన్నటి మీసం, ఇరవై రెండేళ్ళకి మించవు. పెదనాన్న దగ్గరికెళ్ళి చూసి, తిరిగి నావైపు చూశాడు. ఆ ముఖం మా తాతయ్యది కాదు. చెవులు కూడా వేరు. పెదనాన్న గొంతు సవరించుకుని, ఆ కాగితం ఆవిడ చేతికిచ్చి, మీ అన్నగారి పేరు చెప్పుకుని తెనాలిలో ఒక మనిషి తిరుగుతున్నాడమ్మా అన్నాడు.

ఆవిడ కాగితం తిప్పి చూసింది. చదవడం రాదనుకుంటా. తెనాలి అన్న మాట మాత్రం వినపడింది. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవా బాబూ అని అడిగింది.

లేవని నేనే చెప్పాను.

అప్పుడు ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది, గోంగూర వలుస్తూనే. ఇద్దరూ వరసకి అన్నదమ్ములు, ఇళ్ళు ఎదురుబొదురు. ఒకే రోజు మిలటరీలో చేరారు. అక్కడ పేర్లు రాసుకునే గుమస్తా ఉత్తరాదివాడు. పేరేంటని అడిగితే వీళ్ళు మనందరిలాగే ఇంటిపేరుతో మొదలుపెట్టారు. వాడు మొదటి ముక్క రాసుకుని పెన్ను ఎత్తేశాడు. తండ్రి పేరు అడిగినప్పుడూ అంతే. అలా ఒకే ఊరి నుంచి ఇద్దరు రావి సన్నాఫ్ రావిలు తయారయ్యారు. నంబర్లు వేరే, కానీ ఊళ్ళో నంబర్లు ఎవరికి తెలుసు? సెలవుకి వచ్చినప్పుడు ఇద్దరూ దీని గురించి చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్ళట.

యుద్ధం వచ్చాక టెలిగ్రాం వచ్చింది. రావి సన్నాఫ్ రావి చనిపోయాడని. తెచ్చినతనికి ముందు కనిపించిన ఇల్లు తాతయ్యవాళ్ళది. అక్కడ ఇచ్చేసి వెళ్ళిపోయాడు. తాతయ్య తల్లి నేల మీద పడిపోయింది. శవం లేదు కాబట్టి గడ్డిబొమ్మని కాల్చారు. పెద్దకర్మ చేశారు. ఎదురింట్లోంచి ఈవిడ తల్లి రోజూ అన్నం వండి తీసుకెళ్ళి ఆమెకి తినిపించి వచ్చేది. ఇంటికొచ్చి మాత్రం దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చునేది. నావాడిని ఉంచావు అని దండం పెట్టుకునేదని చెప్పి, ఆవిడ ఒక కాడ పక్కన పడేసింది.

పెద్దకర్మ అయిన ఇరవై రోజులకి తాతయ్య కుంటుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. ఆయన్ని చూసి పిల్లలు పారిపోయారు. తన చావు కబురు ఊరికి వచ్చిందని ఆయనకి తెలియదు. వాళ్ళింటికి వెళ్ళలేదు. నేరుగా ఎదురింటికి వచ్చి, భుజం మీదున్న ట్రంకుపెట్టె అరుగు మీద దించాడు. అది ఆయనది కాదు. ఈవిడ తల్లి పెట్టెని చూసింది, ఆయన్ని చూసింది. మావాడేడిరా అంది.

"కిందదాకా మోసుకొచ్చాను పిన్నమ్మా. దారిలోనే మాట్లాడ్డం మానేశాడు."

ఎక్కడైనా సరే నాకు నోటికి ఏదో ఒకటి తోచేది. అక్కడ ఏమీ తోచలేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు ముఖమంతా వేడిగా ఉంది. ఒక వీధికి నాలుగేళ్ళుగా వినోదమైన ఆ ఆఫీసరు అసలు ఆఫీసరే కాదు. బతకనూ లేదు.

నాకు మింగుడుపడంది ఆ తర్వాతి సంగతి. ఆ తల్లికి మతి చలించింది. ఎవరొచ్చినా కొడుకు సంగతి చెప్పమనేది. తాతయ్య ఇంకో ఏడాదికి మిలటరీ వదిలేసి వచ్చాక, వారానికోసారి తెనాలి నుంచి వచ్చి కూర్చుంటే ఆయన్నీ అడిగేది. పోయాడని చెబితే ఆ రోజే తెలిసినట్టు ఏడ్చేది. బతికాడని చెబితే ఏడి చూపించరా అని చెయ్యి పట్టుకునేది. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. నేనొక ఆఫీసరుని మోశాను పిన్నమ్మా, కిందకి తెచ్చాను, డాక్టర్లు చూశారు, బతికాడు అని చెప్పాడు. ఎవరి కొడుకో పాపం, వాళ్ళమ్మ అదృష్టవంతురాలు అని ఆవిడ శాంతించేది. మరుసటి వారం మళ్ళీ చెప్పమనేది. చెప్పేవాడు. ఇప్పుడా బిడ్డ ఏం చేస్తున్నాడురా అనేది. పెద్ద ఉద్యోగం అయింది పిన్నమ్మా అనేవాడు.

"మా అమ్మ పోయేదాకా పదకొండేళ్ళు చెప్పాడు బాబూ. ఇంక వేరే రకంగా చెప్పడం వాడికి రాదు."

తిరుగు రైలెక్కాం. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఏమీ చూడకుండా. తాతయ్య ఎందుకు మెడల్ అడగలేదో, పెన్షను దాకా ఎందుకు ఆగలేదో నాకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది. నేను అరుగు మీద వేసిన జోకు మాత్రం మాటికి మాటికి నా గొంతుతోనే వినపడుతోంది. బాగానే వేశాను. అదే బాధ.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మేము ఎక్కడికి వెళ్ళామో మా అమ్మ చెప్పేసినట్టుంది. పెదనాన్న ఆయన్ని చూసి చెప్పులు విడిచాడు, వీధిలోనే. అది ఎందుకో ఆయనకే తెలియదనుకుంటా. తాతయ్య కాగితం అడగలేదు, ఉత్తరం సంగతి అడగలేదు. చెల్లెలి ఒంట్లో ఎలా ఉందండి అన్నాడు. బాగున్నారండి, మిమ్మల్ని ఒకసారి రమ్మన్నారండి అన్నాడు పెదనాన్న. రమ్మని ఆవిడ అనలేదు. పెదనాన్న జీవితంలో కాగితం లేకుండా చెప్పిన మొదటి మాట అదే అయ్యుంటుంది.

మర్నాడు కమిటీకి పెదనాన్న ఒక రిపోర్టు రాసి ఇచ్చాడు. నాలుగు పేజీలు లేనిదే సంతకం పెట్టని మనిషి, విచారించాను, నిజమే అని ఒక్క లైను రాశాడు. హెడ్మాస్టరు గారు వెనక్కి తిప్పి కూడా చూశారట, మిగతాది అక్కడుందేమోనని.

ఆగస్టు పదిహేనున తాతయ్య తెల్లచొక్కా వేసుకుని వచ్చి తాడు లాగాడు. జెండా ఒక్క లాగుకే విచ్చుకుంది. మైకులో ఆయన్ని కథ చెప్పమన్నారు. మాకందరికీ కంఠతా వచ్చిన కథే. కొండ, మంచు, వీపున ఆఫీసరు. దిగుతున్నచోట గొంతు ఆగింది. అంతకుముందెప్పుడూ ఆగేది కాదు. చెప్పేస్తాడేమో అనుకున్నాను. చెప్పకూడదని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ముందు వరసలో పెదనాన్న చేతులు రెండూ ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాడు. తాతయ్య మైకు దగ్గరికి ఇంకాస్త వంగి, కింద డాక్టర్లు చూశారండి, బతికాడండి అన్నాడు. స్కూలంతా చప్పట్లు కొట్టింది. అందరూ ఆపేశాక కూడా పెదనాన్న కొడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు తాతయ్య లేడు, ఆ చెల్లెలూ లేదు, అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. నా నోరు ఏమీ మారలేదు. ఇప్పటికీ ఎవరి కథలోనైనా లెక్క తేడా వస్తే ముందు నాకే కనిపిస్తుంది. అయితే పైకి అనే ముందు, ఈ కథ మొదట ఎవరికి చెప్పి ఉంటారా అని ఒకసారి ఆలోచిస్తాను. సగంసార్లు అక్కడితో ఆగిపోతాను. తాతయ్య కథ ఆఫీసులో, హాస్టల్లో చాలామందికి చెప్పాను. అందరూ చివర్లో ఒకటే అడుగుతారు, ఆ మోసుకొచ్చిన మనిషి ఏమయ్యాడని.

బతికాడనే చెబుతాను.