ఆర్ఫా మామ్మ అడిగిన పీచ్ సారా

ఆ వేసవికి ట్వైలా గేహార్ట్‌కి యాభై ఎనిమిదేళ్లు నిండాయి. ఎవరైనా "ఎలా ఉన్నావే?" అంటే "నిలబడే ఉన్నా కదా" అనేది. అంతకు మించి చెప్పే ఓపిక దానికి లేదు, వినే తీరిక మాకూ లేదు.

కెంటకీ కొండల్లో, మా లోయలో, దాని ఇల్లూ మా ఇల్లూ ఎదురుబొదురు. బట్టల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు పక్కపక్క మిషన్ల దగ్గర కూర్చుని ప్యాంట్లకి జిప్పులు కుట్టాం. దాని మొగుడు పెళ్లయిన రెండో ఏట ఇండియానాలో పని దొరికిందని వెళ్లి, పనితో పాటు ఇంకో సంసారం కూడా చూసుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను బడి వంటగదిలో చేరాను. ట్వైలా ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి, స్నానాలు చేయించి, మందులిచ్చి, వండిపెట్టే పనిలో కుదిరింది. పొద్దున ఒక ఇల్లు, మధ్యాహ్నం నుంచి ఇంకో ఇల్లు. మనుషుల్ని మంచం మీంచి లేపీ లేపీ దాని కుడి మోకాలు పాడైంది. సాయంత్రం ఇంటికొచ్చి కారు ఆపాక, వెంటనే దిగేది కాదు. స్టీరింగు మీద తల ఆనించి పది నిమిషాలు అలాగే ఉండిపోయేది. మా వరండాలోంచి కనిపిస్తూనే ఉండేది. పిలవబుద్ధి అయ్యేది కాదు.

మధ్యాహ్నం ఇల్లు ఆర్ఫా స్లోన్ గారిది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. లోయంతా ఆమెని మామ్మ అనే పిలుస్తుంది. బాప్తిస్టు సంఘంలో ముందు బెంచీ ఆమెది. మా కౌంటీలో మందు అమ్మకూడదన్న చట్టం ఎత్తేద్దామని ఓటింగు పెట్టిన ప్రతిసారీ గడప గడపా తిరిగి వద్దని చెప్పింది ఆమే. కొడుకు బర్జెస్ ఆ సంఘంలోనే పెద్ద. అరవై ఏడేళ్లొచ్చినా అమ్మ ముందు గట్టిగా దగ్గడు.

చట్టం మాట చట్టానిదే, మా లోయలో నాటుసారా ఎప్పుడూ ఉంది. ట్వైలా పినతల్లి కొడుకు డార్సీ కాస్తాడు. మొదట దిగేది విషమని పారబోసే మనిషి, ఇత్తడీ సీసమూ తగలనివ్వని మనిషి కాబట్టి అతని సరుకంటే అందరికీ నమ్మకం. జులై వస్తోందంటే ట్వైలా ఆ సారాలో పీచ్ పళ్ల రసం కలిపి రెండు పెద్ద గాజుజాడీల నిండా పెట్టేది. జులై నాలుగో తారీకున, స్వాతంత్ర్య దినం నాడు, టపాసులు చూస్తూ మా వరండాలో కూర్చుని అందరం తాగేవాళ్లం. ఏడాది మొత్తంలో అది తన కోసం చేసుకునే పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ ఏడు జూన్ మూడో వారంలో, మామ్మ కుర్చీలో కళ్లు మూసుకుని ఉండగా, ట్వైలా నాతో ఫోన్లో మాట్లాడింది.

"పళ్ల లారీ శుక్రవారం వస్తుందట. నువ్వు పుదీనా కోసి నీళ్లలో పెట్టు. పోయినేడు వాడిపోయింది తెచ్చావు. డార్సీ దగ్గర సారా ఈసారి రెండు సీసాలు తీసుకున్నా."

ఫోన్ పెట్టేయగానే మామ్మ కళ్లు తెరిచింది.

"ఏం కలుపుతున్నారే మీరిద్దరూ?"

"షర్బత్తు మామ్మా."

"నాకు కళ్లు మందగించాయి గానీ చెవులు కాదు. సారా అన్నావు."

ట్వైలా దొరికిపోయిన పిల్లలా నిలబడింది. మామ్మ తిడుతుందనుకుంది. ఆమె దుప్పటి అంచు సర్దుకుని, మెల్లగా అంది:

"నాకూ ఓ గ్లాసు తే."

"బాగుంది మామ్మా! ఆదివారం ముందు బెంచీలో తూలుతూ పాట పాడతావా?"

"నవ్వకు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క నాలిక మీద పెట్టుకోలేదు. అదేంటో నాకు తెలియాలి."

"మీ అబ్బాయికి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"వాడికి నువ్వు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను?"

"మరింకేం!"

ఆ రోజుకి ట్వైలా మాట దాటేసింది. మర్నాడు స్నానం చేయిస్తుంటే మామ్మ మళ్లీ అడిగింది. ఆ మర్నాడు గోళ్లు తీస్తుంటే అడిగింది. నాలుగో రోజు అన్నం మానేసినట్టు గంజి గిన్నె పక్కకి తోసి కూర్చుంది. ట్వైలా సరేనంది.

"ఎందుకు ఒప్పుకున్నావే?" అన్నాను నేను.

"కాదనడానికి కూడా ఓపిక కావాలి కదే," అంది.

శనివారం పొద్దున్నే దాని వంటింట్లో చేరాం. అప్పటికే గోడలు వేడెక్కాయి. పీచ్ పళ్లు సగం మెత్తబడి, వాసన గుమ్మం దాకా వస్తోంది. ట్వైలా స్టూలు లాక్కుని, మోకాలు ఇంకో కుర్చీ మీద చాపి కూర్చుంది. నేను పళ్లని మరిగే నీళ్లలో ముంచి తీస్తే, అది తొక్క ఒలిచేది. బొటనవేలితో ఒక్క లాగు లాగితే తొక్క జారిపోయేది. కండ కోసి, పంచదార చల్లి, రసం ఊరడానికి మూతపెట్టాం. తొక్కల్నీ టెంకల్నీ పారేయనివ్వదు ట్వైలా. వాటిని దాల్చినచెక్కతో ఉడికించి, వడకట్టి, లేతపాకం తీస్తుంది. రంగంతా అందులోనే ఉంటుందంటుంది. చిటికెడు ఉప్పు కూడా వేస్తుంది. ఎందుకని అడిగితే, "కన్నీళ్లకి బదులు" అని వాళ్లమ్మ అనేదట.

తర్వాత ఒక చెంచాలో సారా పోసి అగ్గిపుల్ల గీసి వెలిగించింది. డార్సీ మీద నమ్మకం ఉన్నా సరే, ప్రతి ఏడూ చూస్తుంది. మంట సన్నగా, నీలంగా, ఉండీ లేనట్టు ఆడింది.

"బాగానే ఉంది," అని ఆర్పింది.

పళ్లు చిదిమి, పాకం పోసి, నాలుగు నిమ్మకాయలు పిండి, చివర్లో సారా పోసింది. అందరూ సగానికి సగం పోస్తారు. అది నాలుగోవంతే పోస్తుంది. "పండు తెలియాలి, సారా తర్వాత గుర్తు రావాలి," అనేది. అల్లం సోడా, పుదీనా, ఐసు మాత్రం తాగే ముందే. జాడీలు ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న జామ్ సీసా ఒకటి వేరే నింపింది. మూత బిగిస్తూ, "ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు. ఎక్కడైనా ఎత్తేది మనుషుల్నే," అంది. నవ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆ సీసాని సంచిలో, తన రొట్టెల కింద పెట్టుకుని వెళ్లింది. మామ్మ అప్పటికే జుట్టు దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ట్వైలా పూల గ్లాసులో ఐసు వేసి, మూడు చెంచాల పీచ్ సారా పోసి, అల్లం సోడాతో నింపింది.

"మెల్లగా తాగు మామ్మా. బీపీ మాత్ర వేసుకున్నావు."

మామ్మ మొదట వాసన చూసింది. తర్వాత ఒక గుక్క తాగింది. గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

"తియ్యగా ఉందే!" అంది. ఆ గొంతులో కోపమో ఆశ్చర్యమో ట్వైలాకి అర్థం కాలేదు. "నోరు కాలుతుందనుకున్నా. పాస్టరు గార్లు అలాగే చెప్పారు."

"పళ్లు కలిపాను కదా మామ్మా."

"పళ్ల కింద ఉందిలే. ఈ వాసన నాకు తెలుసు. ఫెరెల్ చొక్కాలకి ఉండేది. రెండు సబ్బులు పెట్టి ఉతికేదాన్ని, పోవాలని."

ఫెరెల్ ఆమె భర్త. పోయి ఇరవై ఏళ్లయింది. పెళ్లయిన కొత్తలో సారా కాచేవాడని, బట్టీ దగ్గర పట్టుబడి ఏడాది పైన ఒక్కరోజు జైల్లో ఉన్నాడని మా లోయలో అందరికీ తెలుసు. తమ్ముడు హాస్కెల్ పట్టించాడన్నదీ అందరికీ తెలుసు. ఆ రెండు కుటుంబాలూ అప్పట్నుంచీ ఒకరి శవం దగ్గరకి ఒకరు వెళ్లలేదు.

"సొంత తమ్ముడే అంత పని చేశాడంటే..." అని ట్వైలా ఏదో అనబోయింది.

"హాస్కెల్ కాదు. నేను."

ట్వైలా చేతిలోని ఐసు పళ్లెం బల్ల మీద పెట్టింది.

"మూడు మైళ్లు నడిచి, కొట్టు దగ్గర ఫోన్లో షెరీఫుకి చెప్పా. బర్జెస్‌ని చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లా. వాడికి అప్పుడు ఐదేళ్లు. ఏడవకుండా చారల పిప్పరమెంటు కొనిపెట్టా."

"ఎందుకు మామ్మా?"

"ఆ ముందు ఆదివారం నేనెళ్లి కూర్చుంటే పాస్టరు గారి భార్య ఆ బెంచీ మీంచి లేచి వెనక్కెళ్లి కూర్చుంది. సారావాడి పెళ్లామని. అంతే. దేవుడి కోసం చేశానని తర్వాత చెప్పుకున్నాలే. దేవుడికి అందులో ఏం సంబంధం లేదు."

"ఆయనకి తెలిసిందా?"

"నలభై రెండేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తమ్ముడితో మాట్లాడ్డం మానేశాడు. చూస్తూ ఊరుకున్నా." ఇంకో గుక్క తాగింది. "ఏ సరుకు కోసం మనిషిని జైలుకి పంపానో రుచైనా చూడకుండా పోతే ఎలాగే?"

ట్వైలా ఆమె కాళ్ల కింద పీట సర్ది, వేళ్ల మీద కారిన రసం తుడిచింది. గ్లాసు కడిగి బోర్లించింది. మామ్మ నాలుగింటి దాకా హాయిగా నిద్రపోయింది.

అది అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక కొడుకు చికెన్ పట్టుకుని వస్తే, మామ్మ అంతా తనే చెప్పేసింది. సారా సంగతి ముందు, షెరీఫు సంగతి తర్వాత.

బర్జెస్ ఆ చర్చి బట్టల్లోనే ట్వైలా ఇంటికొచ్చాడు. మేం వరండాలో చిక్కుళ్లు ఒలుస్తున్నాం.

"మా అమ్మకేం తాగించావు?"

"రెండు గుక్కల పీచ్ సారా అండీ. ఆమే అడిగింది."

"అడిగితే ఇచ్చేస్తావా? మతి పోగొట్టావు! మా నాన్నని తనే పట్టించానంటోంది. అరవై ఏళ్లుగా హాస్కెల్ బాబాయి అని..."

"మతి పోలేదండీ. ఉన్నమాట చెప్పింది."

"నీకేం తెలుసు?"

"మిమ్మల్నీ నడిపించుకెళ్లిందట. చారల పిప్పరమెంటు కొనిపెట్టిందట."

అతను వరండా స్తంభం పట్టుకున్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియనట్టు, "ఆ బిళ్ల దారిలో జారి మట్టిలో పడింది. అమ్మ కడిగి మళ్లీ ఇచ్చింది," అన్నాడు. తర్వాత కారెక్కి వెళ్లిపోయాడు.

మంగళవారం, ఇళ్లకి పనివాళ్లని పంపే ఆఫీసు నుంచి ట్వైలాకి ఫోనొచ్చింది. మామ్మ ఇంటికి వేరే మనిషిని పంపుతారట. దానికి కొండ అవతల, నలభై నిమిషాల దూరంలో ఇంకో ఇల్లు ఇచ్చారు. భారీ మనిషి, పాత గని కార్మికుడు, ఆక్సిజన్ గొట్టంతో ఉంటాడు. ట్వైలా వాదించలేదు.

"నిజం చెప్పింది ఆమె, శిక్ష నీకా?" అని నేనే రెచ్చిపోయాను.

"ఊరుకోవే. అతను ఎవరి మీదో ఒకరి మీద కోప్పడాలి. అమ్మ మీద పడలేడు, నాన్న లేడు, బాబాయీ లేడు. మిగిలింది నేను."

నాలుగో తారీకున టపాసులు కాలుతుంటే మేమిద్దరమే జాడీ ముందు కూర్చున్నాం. ఒక గ్లాసు తాగి, "ఈ ఏడు ఉప్పెక్కువైంది," అని లోపలికి వెళ్లి పడుకుంది. నాకు సరిగ్గానే అనిపించింది.

ఆగస్టులో మామ్మ ఒకసారి ఫోన్ చేసిందట. "ఈ కొత్తపిల్లకి గుడ్డు ఉడకబెట్టడం రాదే! ఓ రోజు రాయి, ఓ రోజు నీళ్లు," అని తిట్టి, "హాస్కెల్ కూతురు రెవాని పిలవరా అన్నాను వాణ్ణి. వింటాడో లేదో," అందట. ట్వైలా వస్తానంది. కొత్త ఇల్లు వచ్చాక వారంలో ఒక్క ఆదివారమే సెలవు, ఆ రోజు కాలు వాచి ఉండేది. వెళ్లలేదు.

అక్టోబరులో మామ్మ పోయింది, నిద్రలోనే.

చర్చికి ట్వైలా, నేను కలిసి వెళ్లాం. రెండింటికి డ్యూటీ ఉందని అది పని బట్టల్లోనే వచ్చింది. వెనక బెంచీలో కూర్చున్నాం. ముందు, కుటుంబం కూర్చునే చోట, బర్జెస్ పక్కన నెరిసిన జుట్టుతో ఓ పొడుగాటి ఆవిడ ఉంది. ఆమె రెవా అని నాకు పక్కవాళ్లు చెప్పారు. బర్జెసే పొరుగూరు వెళ్లి కారులో తీసుకొచ్చాడట. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. పాటల పుస్తకం ఒకటే ఉంటే ఇద్దరూ చెరో అంచూ పట్టుకున్నారు.

పాస్టరు గారి ప్రసంగం మధ్యలో ట్వైలా తల నా భుజం మీదికి వాలింది. లేపలేదు. అందరూ లేచి భోజనాలకి బయటికి నడుస్తుంటే అప్పుడు కదిపాను.

"అయిపోయిందా?" అంది కళ్లు నులుముకుంటూ.

"అయిపోయింది. అన్నాలు పెడుతున్నారు, రా."

"టైం లేదే. కొండవతల ఆయన్ని రెండున్నరకి మంచం మీంచి దింపాలి."

కారు దగ్గరకి వెళ్లేసరికి బర్జెస్ వెనకాలే వచ్చాడు. చేతిలో రేకు కాగితం కప్పిన పళ్లెం ఉంది. వేయించిన చికెన్, చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె.

"దారిలో తిను," అన్నాడు. అంతే అన్నాడు.

ట్వైలా పళ్లెం అందుకుని, "వేడిగా ఉంది," అంది. పక్క సీట్లో సర్దిపెట్టి, మోకాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, కారు తీసింది.