రెండు వేళ్ల పరీక్ష

అది నలభైల నాటి మాట. నాకు పంతొమ్మిదేళ్లు. గుమాస్తా నౌకరీకి కళ్ల పరీక్ష ఒక్కటే మిగిలింది. నాంపల్లిలో ఒక దవాఖానకు పంపారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన డాక్టరు నా ముందు రెండు వేళ్లు ఎత్తి, ఒకదాని నుంచి ఇంకోదానికి గబగబా చూడమన్నాడు.

“ఎడమవైపుకు బాగానే దూకుతున్నాయి. కుడివైపుకే నీ కళ్లు మందకొడిగా ఉన్నాయోయ్. పనికిరావు,” అని కలం తీశాడు.

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

“సాబ్, చిన్నప్పటిసంది నేను చదివింది ఉర్దూ. కుడి నుంచి ఎడమకు చదువుతం. నా కండ్లకు గదే అలవాటు. మీరు చదివింది ఇంగ్లీషు. జర మీ కండ్లు గూడ చూద్దాం!” అని నా రెండు వేళ్లు ఆయన ముఖం ముందు పెట్టాను.

ఏమనుకున్నాడో, చూశాడు. కుడివైపుకు చటుక్కున దూకిన కళ్లు ఎడమవైపుకు వచ్చేసరికి తడబడ్డాయి.

“మీవి గూడ కుంటుతున్నయి సాబ్. మరి మీకు నౌకరీ ఎవరిచ్చిన్రు?”

అయినా ఆయన ‘పనికిరాడు’ అనే రాశాడు. ఆ కాగితం అక్కడే చింపి బయటికొచ్చాను. తర్వాత ఆబిడ్స్‌లో ఒక అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ఉర్దూ, తెలుగు ప్రూఫులు రెండూ దిద్దాను.

ఇప్పటికీ ఎవరైనా ఎవరినైనా ‘పనికిరావు’ అంటే, నా చెయ్యి దానంతటదే రెండు వేళ్లు ఎత్తుతుంది.