అందరూ శ్రుతి చూసుకున్న గొంతు

అర్మిద ఫినోత్తి ముప్పై ఏళ్లు చేపలమ్మింది, ఎక్కువగా పాముల్లా ఉండే మలుగు చేపలు. ఇటలీలో పో అనే నది పాయలుపాయలుగా చీలి సముద్రంలో కలిసే ఆ పల్లపు నేలలో, ఇళ్లన్నీ ఏటిగట్టు కంటే కిందనే ఉండే ఊళ్లలో, శనివారం సంతకు వచ్చినవాళ్లకు ఆమె బల్ల కంటే ముందు ఆమె గొంతు అందేది. "బతికున్న మలుగులమ్మా, బతికున్న మలుగులూ!" అది తియ్యటి గొంతేమీ కాదు. దానిలో పొగడదగ్గది ఒక్కటే: అది ఏ రోజూ మారేది కాదు. పొగమంచులో గట్టు మీద సైకిలు తొక్కేవాళ్లు ఆ కేకను బట్టి మలుపు తెలుసుకునేవారు.

ఆ రోజుల్లో అక్కడ ప్రతి మూడో కప్పు మీదా ఒక ఏరియల్ గడ ఉండేది. ఇప్పుడా గడలకు బట్టలారేసే తీగలు కట్టుకున్నారు. అప్పట్లో ఊళ్లవాళ్లు మాట్లాడుకున్న రేడియో ఛానెల్ పెడితే చలికాలపు గాలి లాంటి రొద తప్ప మరేదీ వినిపించదు. కాని వెయ్యి తొమ్మిది వందల ఎనభైల మొదట్లో, ఆదివారం పూజ ముగిసి, పొయ్యి మీద మొక్కజొన్న పిండి పోలెంతా గట్టిపడేలోపు, ఆ ఛానెల్లో నలుగురు కూర్చునేవారు. ఎవరింట్లో వాళ్లే ఉన్నా, కూర్చున్నది మాత్రం ఒక్కచోటే.

వాళ్లు వాడే పద్ధతి మామూలు రేడియో లాంటిది కాదు. అందులో సెట్టు మాటలో ఒక అంచును మాత్రమే పంపుతుంది. తక్కినది వినేవాడి సెట్టు కల్పించుకోవాలి. అందుకని దూరం ఎక్కువ పోతుంది, కాని ఇద్దరి సెట్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. కాస్త కిందికి జారితే మాట బాతు కూత అవుతుంది, పైకి జారితే కుండలోంచి వచ్చినట్టుంటుంది. సరిచేసుకోవడానికి సన్నని నాబ్ ఒకటి ఉంటుంది. గట్టు మీద నుంచి పడి కాళ్లు చచ్చుబడ్డ సైకిలు మెకానిక్ ఒత్తోరీనో, మంచం మీద కూర్చునే అందరి సెట్లూ విప్పి, ఆ నాబ్ తిప్పితే వినికిడితోపాటు మాట కూడా జరిగేలా మార్చాడు. స్వేచ్ఛ వచ్చింది, దాని వెనకే తంటా కూడా వచ్చింది. నేను నిన్ను సరిచేసుకోవడానికి జరుగుతాను, నువ్వు నన్ను సరిచేసుకోవడానికి జరుగుతావు; కాసేపటికి ఇద్దరమూ ఊరు దాటిపోతాం, ఒక్కరికీ తెలియదు.

"ఒకళ్లు కదలకూడదు, అంతే," అన్నాడు ఒత్తోరీనో. "ఎవరి అసలు గొంతు అందరికీ తెలుసో వాళ్లు."

స్థిరత్వం గురించి తత్త్వవేత్తలు గ్రంథాలకు గ్రంథాలు రాశారు. ఒత్తోరీనో చెప్పినదాని కంటే అవసరమైన మాట వాటిలో ఎంతుందో చెప్పలేం.

అలా అర్మిద కదలని మనిషి అయింది. ఆదివారం ఆమె మైకు పట్టుకుని మూడుసార్లు సంత కేక వేసేది. సంతలో విన్నట్టే వినబడేదాకా తక్కినవాళ్లు నాబ్ తిప్పుకునేవారు. "కుదిరిందా? ఇక చేతులు ఒళ్లో," అనేది ఆమె. తొమ్మిదేళ్లలో ఆమె తన నాబ్ ముట్టలేదు.

తొమ్మిదో ఏట శరదృతువులో అర్మిద మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గొంతు మారవచ్చునని ముందే చెప్పాడు. ఏడు వారాలు ఆమె సంతకు పోలేదు. బల్ల దగ్గర మేనకోడలు నిలబడి, "అత్తకు జలుబు" అని అందరికీ చెప్పింది. వంటింట్లో ఒంటరిగా కేక వేసి చూసుకుంది అర్మిద. ఆ కేక ఎవరో బరువైన మగమనిషిదిలా ఉంది. భర్త పోయిన నాటి నుంచి వారం మొత్తంలో ఆమె ఎదురుచూసేది ఆదివారపు ఆ ఒక్క గంట కోసమే. గొంతు పోయిందంటే ఆ చోటు పోయినట్టే. జలుబు తగ్గిందని చెప్పించి, రేడియోలో ఎవరికి తెలుస్తుందిలే అనుకుని ఒక ఆదివారం మైకు అందుకుంది.

"బతికున్న మలుగులమ్మా..."

"అక్కా, బావిలోంచి మాట్లాడుతున్నావేంటి?" అన్నాడు నీళ్ల పంపుల స్టేషను కాపలాదారు జెలిందో. "ఆగు, కిందికి దిగుతున్నా."

"నేనూ దిగుతున్నానండీ," అంది నోర్మ టీచరమ్మ. ఆమె అర్మిదను కూడా 'మీరు' అనే మనిషి.

వాళ్లు దిగారు. దిగిన వాళ్ల గొంతులు అర్మిదకు కుండలోంచి వచ్చినట్టు వినిపించాయి. చేయి ముడుచుకుని కూర్చోవలసిన మనిషి, ఎక్కడ పట్టుబడతానో అన్న భయంతో, మొదటిసారి తన నాబ్ తిప్పింది. వాళ్లు మళ్లీ దిగారు. ఆమె మళ్లీ వెంబడించింది. అరగంటలో నలుగురూ మెట్టు మెట్టుగా జారి లారీ డ్రైవర్లు మాట్లాడుకునే ఛానెల్లో పడ్డారు.

"ఎవర్రా ఇక్కడ చేపలమ్మేది? ఇది లారీలవాళ్ల చోటు!" అని ఒకడు గద్దించాడు.

"అర్మిదా, నీ సెట్టు జారిపోతోంది," అన్నాడు ఒత్తోరీనో. "విప్పి చూడాలి, పంపించు."

"ఔను, సెట్టే," అంది అర్మిద.

"అందాకా టీచరమ్మ కదలకుండా ఉంటుంది."

రెండు ఆదివారాలు అర్మిద విని ఊరుకుంది. టీచరమ్మ కేక వేయలేక హాజరుపట్టీలోని పేర్లు చదివేది. జెలిందో ప్రతి పేరుకూ "ఉన్నానండీ" అనేవాడు. వాళ్లు నవ్వుకుంటుంటే అర్మిద పోలెంతా మాడబెట్టుకుంది. మూడో వారం, సెట్టు ఏదని ఒత్తోరీనో కబురు మీద కబురు పంపడంతో, మంగళవారం మధ్యాహ్నం దాన్ని సంచిలో పెట్టుకుని, మెడకు శాలువా చుట్టుకుని వెళ్లింది.

అతను మంచం పక్క బల్ల మీద సెట్టు విప్పి, కొలిచి, గంటసేపు చూసి, మూత పెట్టాడు.

"గోడకు దిగిన మేకులా ఉంది. ఒక్క వెంట్రుకైనా జారలేదు. ఏం జరిగిందే?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తల ఊపితే రేడియోలో వినపడదు. నోరు తెరువు."

"ఏం తెరవమంటావురా," అంది అర్మిద.

ఒత్తోరీనో కళ్లు మూసుకున్నాడు. "ఇంకొకసారి అను."

"గొంతు పోయింది. మెడలో గడ్డ కోసి తీసేశారు. సెట్టని అబద్ధం చెప్పాను. చాలా?"

అతను తననే తిట్టుకున్నాడు. "ముసలి గాడిదని. జారిన సెట్టు గొంతును వంకర చేస్తుంది, రేకులా మోగిస్తుంది. ఆ రోజు నీ మాటలో వంకర లేదు, లావు మాత్రమే ఉంది. చెవికి తెలుస్తూనే ఉంది, చేయి మాత్రం నాబ్ మీదికి పోయింది."

"నాదీ పోయింది," అంది ఆమె. "నేనూ తిప్పాను."

"తిప్పావా! నువ్వా?" అతని ముఖం నిజంగానే ఎర్రబడింది. "గొంతు పోతే పోయింది, దానికి నువ్వేం చేస్తావు. నాబ్ తిప్పడమేంటే, సిగ్గులేదూ?"

ఇన్ని వారాలుగా ఎవరూ ఆమెను తిట్టలేదు. అందరూ జాలిపడటానికే సిద్ధంగా ఉంటారని ఆమె భయం. అర్మిదకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా కొత్తదే, గరగరమంది.

ఒత్తోరీనో తన సెట్టు పెట్టాడు. పంపుల దగ్గర జెలిందో ఎప్పుడూ వింటూనే ఉంటాడు. బడి నుంచి వచ్చిన టీచరమ్మ కూడా పలికింది. "ఎవరూ ఏదీ తిప్పకండి. విని నేర్చుకోండి," అని మైకు అర్మిద చేతికిచ్చాడు.

ఆమె కేక వేయలేదు. "నేను అర్మిదని," అంది. "ఇక ఇదే గొంతు. వేరేది లేదు."

"అక్కా," అన్నాడు జెలిందో, జాగ్రత్తగా. "ఇంకాస్త మాట్లాడు. ఇంకా చెవికి ఎక్కలేదు."

"ఏం మాట్లాడమంటావు?"

"ఏదైనా. ఆసుపత్రిలో ఏం పెట్టారు?"

ఆమె ఉప్పులేని సూపు గురించి చెప్పింది. పక్క మంచం ఆవిడ గురకను గురించి, కుట్లు విప్పిన నర్సు చలిచేతుల గురించి చెప్పింది. మధ్యలో గొంతు రెండుసార్లు తెగింది. తెగినచోట ఆగి, మళ్లీ అందుకుంది. ఎవరూ అడ్డు రాలేదు. సూపు దగ్గరికి ఆమె రెండోసారి వచ్చేసరికి, అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

"వచ్చేశారండీ," అంది నోర్మ టీచరమ్మ. "ఇప్పుడు మీరే. ఊఁ, ఉప్పు అడిగితే ఏమందా నర్సు?"